తువాలు కింద రెండో చెయ్యి

“రెండు చేతులాయన పోయాడండి” అని మా మెకానిక్కు ఫోన్ చేసి చెప్పాడు. ఎవరాయన అని నేను అడగలేదు. ఆ పేరు పెట్టింది నేనే.

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయనకి వేరే ఉంది. దాన్ని ఇక్కడ రాయను. ఆ బజారు ఏ ఊళ్ళోదో కూడా చెప్పను. గోదావరికి ఇవతల అనుకున్నా, అవతల అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. అది ఒకావిడకి ఇచ్చిన మాట, ఆ సంగతి దాని చోట వస్తుంది. ఆయన గురించి ఆ బజారులో చెప్పుకునే కథ నా నోట్లోంచి పుట్టింది. అది తప్పని నాకు ఇప్పుడు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

మనిషి పొట్టి. మెడ పెట్టడం మర్చిపోయినట్టు తల నేరుగా భుజాల మీదే ఉండేది. ఆ భుజం మీద రెండు తువాళ్ళు. ఒకటి మొహం తుడుచుకోడానికి. రెండోది ఎర్ర అంచుది, ఇస్త్రీ మడత నలగనిది. ఒకరోజు చెమటకి మొదటి తువాలు పిండితే నీళ్ళు కారేలా తయారైంది. రెండోది వాడొచ్చుగా అన్నాను.

“అది మొహానికి కాదండి బాబుగారు. అన్నం పెట్టేదండి” అన్నాడు.

ఆయన పశువుల సంతలో పెరిగిన దళారి. అమ్మేవాడి చెయ్యీ తన చెయ్యీ కలిపి పైన తువాలు కప్పి, వేళ్ళు పట్టుకుని బేరం ఆడే విద్య. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, గుప్పిటంతా పట్టుకుంటే అయిదు. వందలా వేలా అన్నది మాత్రం సరుకుని బట్టి తెలిసిపోతుంది. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా రేటు ఒక్కడికీ తెలియదు. ఊళ్ళలో ఎడ్లు తగ్గి సంతలు చప్పబడ్డాక ఆయన పాత ఇనప సామాను బజారుకి వచ్చేశాడు, వస్తూ వస్తూ ఆ తువాలు కూడా తెచ్చుకున్నాడు. ఇనప షావుకార్లకి మొదట్లో నవ్వొచ్చిందట. తర్వాత వాళ్ళే చెయ్యి చాపడం మొదలుపెట్టారు.

“నోటితో చెప్పిన రేటుకి కాళ్ళొచ్చేస్తాయండి” అనేవాడు. “మనకన్నా ముందే పక్క కొట్టుకెళ్ళి కూర్చుంటది.”

దేనికీ అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. ఖాయమేనా అని అడిగితే “ఆయ్, చూద్దాం అనుకుందారండి” అనేవాడు. బేరం తేలేదాకా ఎవరు పోయించినా టీ తాగడు. కొనబోయే వస్తువుకి వీపు పెట్టి నిలబడతాడు. మనల్నీ అలాగే నిలబడమంటాడు. “మీరు ఆ గొట్టాల వంక అలా చూడకండి. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా ఉన్నారు. రేటు పెరిగిపోద్దండి” అని నన్ను కసిరాడు.

గొట్టాల గొడవ చెప్పాలి కదా. నాకొక పడకల బండి ఉంది. ఎవరో విదేశీ దంపతులు తిరిగి తిరిగి వదిలేసి వెళ్ళిన పాత వ్యాను. లోపల రెండు మడత పడకలు, చిన్న పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టె. కొబ్బరి తోటలో ఆకులు రాలి కప్పేసి ఉంటే చూసి మనసుపడి కొన్నాను. మా ఆవిడ దానికి నా రెండో సంసారం అని పేరు పెట్టింది. దాని ఇంజను వెనకాల ఉంటుంది, రేడియేటరు ముందుంటుంది. ఇంజను వేడిని చల్లార్చే నీళ్ళు వెనక నుంచి ముందుకి వెళ్ళి రావాలంటే నేల కింద బండి పొడవునా రెండు గొట్టాలుండాలి. నా బండిలో ఆ రెండూ తుప్పు పట్టి జల్లెడలయిపోయాయి. మొదటిసారి కోరుకొండ తీసుకెళ్తే కొండ కింద కొబ్బరికాయల కొట్ల మధ్య పొగలు కక్కి ఆగిపోయింది.

“ప్రసాదం బండిలోనే వండేస్తున్నారేంటండీ?” అంది కొబ్బరికాయలమ్మే ఆవిడ.

అసలు గొట్టాలు విదేశం నుంచి తెప్పించుకోవాలి. వాటి ధర చూసి కంప్యూటరు మూసేశాను. రాజమండ్రిలో అడిగితే రబ్బరు గొట్టం వేసుకోమన్నారు. వేస్తే వేడికి మెత్తబడి వానపాములా వేలాడింది. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న మా తోడల్లుడు “మా చెరువు పైపు వేసెయ్ బావా, మళ్ళీ జన్మలో చూసుకోనక్కర్లేదు” అన్నాడు. మరిగే నీళ్ళకి ప్లాస్టిక్కు ఏమవుతుందో ఆయనకి పట్టదు. చివరికి మెకానిక్కు ఒక దారి చెప్పాడు. చక్కెర ఫ్యాక్టరీల్లో చెరకు రసం కాచే పెద్ద పాత్రల్లో వరసలు వరసలుగా స్టీలు గొట్టాలుంటాయి. సీజను అయ్యాక పాతవి పీకి కొత్తవి వేస్తారు. ఆ పీకినవి చేతులు మారి మారి పాత సామాను బజారుకి వస్తాయి. వాటికి తుప్పు పట్టదు, వేడంటే లెక్కలేదు.

“అయితే మీరు సొంతంగా వెళ్ళకండి. మీ ప్యాంటు చూసి రేటు చెప్తారు. మధ్యలో ఆయన్ని పెట్టుకోండి” అన్నాడు.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చూస్తాను. మధ్యలో మనిషి అనగానే నాకు ముందు అనుమానం పుడుతుంది, తర్వాత మనిషి కనిపిస్తాడు. మొదటి రోజే ఆయన మీద నా మనసులో గుర్తులు పెట్టుకోవడం మొదలుపెట్టాను. అడ్వాన్సు చేతికివ్వబోతే పుచ్చుకోలేదు. “అక్కడ పెట్టండి. నా చెయ్యి మంచిది కాదండి” అన్నాడు. డబ్బు ముట్టనివాడిని చూస్తే ముట్టుకునేవాడికన్నా ఎక్కువ భయం నాకు. చొక్కా పై గుండీలు పెట్టుకోడు. జేబులోంచి ఏదైనా తియ్యాలంటే చూస్తూ తీస్తాడు, తన జేబునే తను నమ్మనట్టు. వీడు ఏదో దాస్తున్నాడు అనుకున్నాను. అంతవరకు సరిగ్గానే అనుకున్నాను.

షావుకారు గారు కొట్టు ముందు పాత లారీ సీటు మీద కూర్చుని ఉన్నారు. పక్కన గొట్టాల కట్ట. లోపల పెచ్చుకట్టిన మడ్డి, దగ్గరికెళ్తే మాడిన బెల్లం వాసన. మేమిద్దరం వాటికి వీపు పెట్టి నిలబడ్డాం.

“ఈ కాలవ గట్టు సామాను ఎవరికి అంటగడదామనండి?” అని మొదలుపెట్టాడు ఆయన.

“నువ్వు తెచ్చే కస్టమర్లకే” అన్నారు షావుకారు గారు.

ఆయన ఎర్ర అంచు తువాలు విప్పాడు. కుడిచెయ్యి లోపలికి వెళ్ళింది. ఆయన ఆకాశం వంక, షావుకారు రోడ్డు వంక చూస్తున్నారు. సంత దళారి బేరం రెప్పపాటులో అయిపోతుందని విన్నాను. ఇది అవలేదు. తువాలు కింద కదలిక ఆగింది. ఆయన ఆకాశం మీంచి చూపు దించి షావుకారు మొహంలోకి చూశాడు. తర్వాత కుడిచెయ్యి బయటికి తీసి ఎడమ చెయ్యి పెట్టాడు. షావుకారు గారు ఒకసారి నా వంక చూశారు. ఆయన వంక చూశారు. తల వంచుకుని మళ్ళీ చెయ్యి ఇచ్చారు.

ఆ చూపు నేను పట్టుకున్నాను. ఒక సరుక్కి రెండు ఓచర్లుంటే రెండోది దేనికో లెక్కలు చూసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. మొదటి చెయ్యి నా రేటు, రెండోది ఆయన వాటా.

ఆయన చెప్పిన ధర, విదేశీ గొట్టాలతో పోలిస్తే నవ్వొచ్చేంత తక్కువ. కానీ తక్కువకొచ్చిందన్న సంతోషం నాకు ఆ వీధి చివరిదాకా కూడా ఆగలేదు. ఇంకా తక్కువకి రావాల్సిందన్న మాటే మిగిలింది.

బేరం కుదిరాక దళారికి పనేముంటుంది? గొట్టాలు బిగించే రోజున ఆయన మెకానిక్కు షెడ్డుకి వచ్చాడు. ఎందుకొచ్చారంటే “పశువుని అమ్మాక పాలు పితికేదాకా ఉండాలండి” అన్నాడు. నాకు అది కూడా నచ్చలేదు.

రెండేసి గొట్టాలు కలిపి, మధ్య రబ్బరు ముక్కలు వేసి, క్లిప్పులు బిగించి, ఇంజను స్టార్టు చేశారు. మెకానిక్కు ముందే చెప్పాడు: “వెళ్ళే గొట్టం కాలాలండి. తిరిగొచ్చేది చేత్తో పట్టుకునేలా ఉండాలి. రెండూ కాలాయంటే లోపలెక్కడో అడ్డం పడి వేడి వెనక్కి తన్నుతున్నట్టు. అప్పుడు ఇవి వెనక్కిచ్చేద్దాం.”

కాసేపయ్యాక ఆయనే బండి పక్కన గొంతుక్కూర్చుని తిరిగొచ్చే గొట్టాన్ని గుప్పిట పట్టుకున్నాడు. తొందరేం లేదు. దూడ మెడ నిమిరినట్టు పట్టుకుని కూర్చున్నాడు.

“పట్టుకోవచ్చండి. గోరువెచ్చగా ఉంది” అన్నాడు.

నేను వంగి వేలు పెట్టాను. చుర్రుమంది. కేకపెట్టి వెనక్కి పడ్డాను.

“ఇది గోరువెచ్చనా? అసలు మీరు పట్టుకున్నారా?”

“పట్టుకున్నానండి.” ఆయన తన అరచేతి వంక చూసుకున్నాడు. ఎర్రగా కమిలి ఉంది. గుప్పిట మూసేశాడు.

ఆ చెయ్యి నేనూ చూశాను. చూసి కూడా నా కోపం నా లెక్క వెంటే వెళ్ళింది. గొట్టాలు వెనక్కి పోకుండా, బేరం చెడకుండా, చెయ్యి కాల్చుకునైనా అబద్ధమాడాడని అర్థం చేసుకున్నాను.

“షావుకారు దగ్గర తిన్నదానికేనా ఇంత ఓర్పు? ఆ రోజు తువాలు కింద రెండో చెయ్యి ఎందుకు పెట్టారు?”

మెకానిక్కు స్పానరు కింద పెట్టాడు. టైర్లకి గాలి కొట్టించుకుంటున్న ఇద్దరు ఇటు తిరిగారు. ఆయన నన్ను చూశాడు, మూసిన గుప్పిటని చూసుకున్నాడు.

“తిన్నానండి” అన్నాడు.

“ఎంత?”

“తిన్నానన్నాను కదండీ బాబుగారు. ఎంతైతే ఏంటండి.”

ఆయన మొహంలో సిగ్గు లేదు. ఏదో గండం గడిచి బయటపడినవాడిలా ఉన్నాడు. అది చూసి ఒళ్ళు మండిపోయింది. మెకానిక్కు గొట్టంలో ఇనప చువ్వ దూర్చి అడ్డం పడిన మడ్డి తీసేశాడు. మళ్ళీ స్టార్టు చేస్తే అంతా సవ్యంగా ఉంది. ఆ గొట్టాలు ఇవాళ్టికీ బండి కింద ఉన్నాయి, చుక్క కారలేదు. కానీ ఆ రోజు నేను షెడ్డులోంచి టీ కొట్టుకి, టీ కొట్టులోంచి బజారులోకి కథ చెప్పుకుంటూ వెళ్ళాను. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి తినే మనిషని చేతులూపి మరీ చూపించాను. బాగా నవ్వారు. రెండు చేతులాయన అన్న పేరు నేను ఇంటికి చేరేలోపే స్థిరపడిపోయింది.

ఆయనకి పని పోతుందని అనుకున్నాను, ఆశపడ్డాను కూడా. పోలేదు. “తినని బ్రోకరు ఎవడండీ? ఈయన కాస్త బాహాటంగా తింటాడు” అన్నారు బజారువాళ్ళు. కొనేవాళ్ళు ఇంకొంచెం గట్టిగా బేరం ఆడమని నూరిపోసి ఆయన్నే పంపేవాళ్ళు. తువాలు కింద ఎడమ చెయ్యి వెళ్ళినప్పుడల్లా చూసేవాళ్ళు కన్నుకొట్టుకునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. నేనెదురైతే “మన గొట్టాలెలా ఉన్నాయండి?” అని అడిగేవాడు. ఆ ‘మన’ నాకు గుచ్చుకునేది. బానే ఉన్నాయి అని ముక్తసరిగా అనేసి వెళ్ళిపోయేవాడిని.

ఒకసారి సామర్లకోటలో భీమేశ్వరుడి గుడి దగ్గర బండి ఆపుకుని ఉన్నాం. ఎక్కడినుంచి చూశాడో, గబగబా వచ్చి బండి కిందకి వంగి చూస్తున్నాడు. ఒక కాలికి చెప్పుంది, రెండోదానికి లేదు.

“రెండో చెప్పేదండీ?” అంది మా ఆవిడ.

ఆయన కిందకి చూసుకున్నాడు. “గుడి దగ్గర వదిలేశానండి” అన్నాడు.

ఒక చెప్పు వదిలి ఒక చెప్పుతో వచ్చేవాడు ఎక్కడైనా ఉంటాడా? చెప్పు గురించి కూడా అబద్ధమాడే మనిషని మా ఆవిడతో అన్నాను. అంతలో ఆయన భార్య ఆ రెండో చెప్పు చేత్తో పట్టుకుని ఆయన వెనకాలే వచ్చింది. ఆయన కాలి దగ్గర పెట్టింది. వంగి, మడమ కింద ఏదన్నా గుచ్చుకుందేమోనని చూసింది.

ఆ పోయాడన్న ఫోను వచ్చాక, మెకానిక్కు రమ్మంటే పరామర్శకి వెళ్ళాను. ఆ చెప్పు పట్టుకొచ్చిన ఆవిడే వాకిట్లో చాప వేసింది. కొడుకు కూడా ఇనుము బజారులోనే దళారీ చేస్తాడు. నలభై ఏళ్ళుంటాయి, ఎవరో వస్తే బయటికి వెళ్ళాడు.

“పడకల బండి బాబుగారు కదండీ? మిమ్మల్ని ఆయన తలుచుకోని వారం లేదండి” అంది.

నేను తల దించుకున్నాను. ఏదో తప్పదన్నట్టు, ఏం జబ్బండి అని అడిగాను.

“షుగరండి. ముందు కాళ్ళు తిమ్మిరెక్కాయి. తర్వాత వేళ్ళు. నిప్పు పట్టుకున్నా తెలిసేది కాదు. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. కుడిచెయ్యి ముందు చచ్చిపోయిందండి. ఎడమదానికి కాస్త తెలిసేది.” ఆవిడ మెకానిక్కు వంక చూసి గొంతు తగ్గించింది. “సాయంత్రాలు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తువాలు కప్పి, వేళ్ళు పట్టుకోవే అనేవారండి. నేను మూడు పట్టుకుంటే రెండనేవారు. కాదంటే కోపం. నువ్వు సరిగ్గా పట్టుకోట్లేదని తిట్టేవారు. ఒక్కోసారి రైటని చెప్పేసేదాన్నండి, పాపం.”

మెకానిక్కు నా వంక చూడలేదు. నేను ఎవరి వంకా చూడలేదు. కమిలిన అరచేతిని ఇద్దరం చూశాం ఆ రోజు. అయినా అందులో నాకు కమీషనే కనిపించింది.

“అమ్మా, ఆయన తిన్నానని ఎందుకు...” అన్నాను.

“మరేం చెప్తారండి? వేళ్ళు తెలియట్లేదని చెప్తే ఇంకెవరు చెయ్యిస్తారు? మీరు అంతమందిలో అడిగారు. తిన్నానన్నారు. తిన్న బ్రోకరుకి పని ఉంటదండి. రేటు తప్పు చదివిన బ్రోకరుకి ఉండదు.” అని, ఆవిడ రెండు చేతులూ జోడించింది. “మీరు పెట్టిన పేరేనండి మాకు అన్నం పెట్టింది. ఎడమ చెయ్యి పెట్టినప్పుడల్లా అందరూ అదే అనుకున్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.”

క్షమించమని అడగాలని దారి పొడవునా మాటలు కూడగట్టుకుని వెళ్ళాను. నాకు దణ్ణం పెడుతున్న మనిషిని ఏమని అడగను? బజారులో అందరికీ నిజం చెప్పేస్తానమ్మా, ఆయనకా చెడ్డపేరు వద్దు అన్నాను. ఆవిడ కంగారుపడిపోయింది.

“వద్దండి బాబుగారు. తిన్నాడంటే ఆయనొక్కడికే పేరు. తప్పు చదివాడంటే ఇన్నేళ్ళ బేరాలన్నీ తిరగదోడతారు. ఆ రోజు నాకు నష్టం వచ్చింది, ఈ రోజు నాకు రావాలి అని అబ్బాయి మీద పడతారు. వాడు ఆ బజారులోనే బతకాలండి.”

“మరి నిజంగా తప్పు చదివినవి ఉన్నాయా అమ్మా?”

అడిగాక నాలుక కరుచుకున్నాను. అక్కడ కూర్చుని కూడా నేను లెక్కే అడిగాను. ఆవిడ చాప అంచు సరిచేసింది. నా గొట్టాల రేటు ఆ ఎడమ చెయ్యి చదివిందో, షావుకారు గారు జాలిపడి ఇచ్చిందో నాకు ఇక తెలియదు.

ఎక్కడైనా రాసుకోవచ్చా అని అడిగాను. “మా బజారోళ్ళు చదవరు లెండి. పేరూ ఊరూ మాత్రం వద్దండి” అంది.

తిరిగొస్తూ టీ కొట్టు దగ్గర ఆగాం. షావుకారు గారు బల్ల మీద ఉన్నారు. టైర్ల కొట్టాయన, ఇంకో నలుగురు ఉన్నారు. మాటలు పోయినాయన మీదికే వచ్చాయి. మంచివాడే అన్నారు. ఇంత ముద్ద రెండు చేతులా తినేవాడు గానీ మంచివాడే అన్నారు. టైర్ల కొట్టాయన నా కథని నాకే చెప్పడం మొదలుపెట్టాడు. నేనెప్పుడూ అనని మాటలు కూడా అందులో చేరాయి.

“నా గొట్టాల్లో ఆయన ఏమీ తినలేదండి” అన్నాను.

“అదేంటండీ? ఆయనే ఒప్పుకున్నాడని మీరే చెప్పారు కదా.”

“ఒప్పుకున్నాడు. తినకుండానే ఒప్పుకున్నాడు.”

“తినకుండా ఎవడు ఒప్పుకుంటాడండీ బాబూ? ఎందుకు ఒప్పుకుంటాడు?”

అందరూ నా నోటి వంక చూస్తున్నారు. షావుకారు గారు కూడా చూస్తున్నారు. ఆ రెండో చేతికి తన చెయ్యి ఇచ్చిన మనిషి, ఈయనకి తెలియకుండా ఉండదు. నాకు ఒక్క మాట చాలు. ఆ మాట ఆ వాకిట్లో ఇచ్చేసి వచ్చాను.

“తెలియదండి” అన్నాను.

టైర్ల కొట్టాయన తొడ చరుచుకున్నాడు. “నాకు తెలుసండీ! ఇప్పుడే కదా ఆ ఇంట్లోంచి వస్తున్నారు. మీ వాటా కొడుకు సర్దేశాడేంటండీ?”

గొల్లుమన్నారు. షావుకారు గారు మాత్రం నవ్వలేదు. లేచి నా పక్కకొచ్చి కూర్చుని, “బాబుగారికి ఓ టీ ఇవ్వరా, నా ఖాతాలో” అన్నారు.

గ్లాసు నా చేతికొచ్చేలోపే ఎదురు బల్ల మీద ఇద్దరు దగ్గరికి జరిగారు. ఎన్నడూ ఎవరికీ టీ పోయించని షావుకారు గారు నాకెందుకు పోయించారో గుసగుసలాడుకోవడం మొదలైంది.